స్కానర్ లేనివారికి మెదడు పటం: హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు డేటా, వర్క్‌బెంచ్ సాఫ్ట్‌వేర్

మెదడు పనితీరు మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి మన దగ్గర మొదట ఎదురయ్యే అడ్డంకి స్కానరే. ఆసుపత్రిలోని ఎమ్మారై యంత్రం రోగులకే చాలదు, ఇక ఆరోగ్యవంతులను పడుకోబెట్టి గంటల తరబడి చిత్రాలు తీయడానికి దాన్ని ఎవరు వదులుతారు? ఆ లోటును చాలావరకు తీర్చేది అమెరికాలోని హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు (కనెక్టోమ్ అంటే మెదడు భాగాల మధ్య అనుసంధానాల పటం) ఉచితంగా అందిస్తున్న డేటా, దాన్ని తెరిచి చూపే కనెక్టోమ్ వర్క్‌బెంచ్ సాఫ్ట్‌వేర్. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, నేను దీన్ని సిఫారసు చేసేది కొలత విషయంలో వాళ్లు చూపిన శ్రద్ధ కోసం.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో 2010లో మొదలైన ఈ పథకాన్ని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, మిన్నెసోటా విశ్వవిద్యాలయం, ఆక్స్‌ఫర్డ్ కలిసి నడిపాయి. సారథులు డేవిడ్ వాన్ ఎసెన్, కామిల్ ఉగుర్‌బిల్. 2017లో వెలువడిన ఎస్1200 విడుదలలో సుమారు 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 1,100 మందికి పైగా ఆరోగ్యవంతుల ఎమ్మారై చిత్రాలున్నాయి. ప్రతి ఒక్కరినీ ఒకే 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో, ఒకే పద్ధతిలో కొలిచారు. ఏ పనీ చెప్పకుండా, కళ్లు తెరిచి ఎదురుగా ఉన్న గుర్తును చూస్తూ ఉండమని, ఒక్కోసారి పావుగంట చొప్పున నాలుగుసార్లు, రెండు రోజుల్లో తీసిన చిత్రాలు ఇందులో ప్రధానమైనవి. అంటే ఒక్కో మనిషి మెదడు విశ్రాంతిలో ఎలా ఉంటుందో గంటసేపు చూసిన రికార్డు మన చేతికి వస్తుంది. పెద్ద సమూహాల మీద చేసిన అధ్యయనాలు చాలావాటిలో ఇది పది నిమిషాలు కూడా మించదు.

రెండు మిల్లీమీటర్ల స్పష్టతతో, ఒకేసారి ఎనిమిది పొరలను చిత్రించే పద్ధతి వల్ల మెదడు మొత్తాన్ని 0.72 సెకనుకు ఒకసారి కొలవగలిగారు. ఈ అంకె చూసి ఆలోచన వేగాన్నే పట్టేశారని అనుకోకూడదు. ఫంక్షనల్ ఎమ్మారై నాడీకణాల సంకేతాలను నేరుగా కొలవదు. 1990లో సెయిజీ ఒగావా చూపినట్టు, రక్తంలో ఆక్సిజన్ మోతాదు మారినప్పుడు అయస్కాంత సంకేతంలో వచ్చే తేడాను కొలుస్తుంది. నాడీకణాలు స్పందించాక ఆ రక్త ప్రతిస్పందన పతాకస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. వేగంగా కొలవడం వల్ల కలిగే అసలు లాభం వేరే ఉంది: తల కదలికలు, శ్వాస, గుండె చప్పుడు తెచ్చే కల్తీని అసలు సంకేతం నుంచి విడదీయడం తేలికవుతుంది. ఈ శుద్ధి చాలావరకు జరిగిన డేటాతో పాటు ముడి డేటాను కూడా ఇవ్వడం నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. వాళ్ల శుద్ధి మీద అనుమానం వస్తే మనమే మొదటి నుంచి చేసి చూసుకోవచ్చు.

వర్క్‌బెంచ్‌లో కార్టెక్స్, అంటే మెదడు పైపొర, మడతలన్నీ గాలి నింపిన బుడగలా సాగి, లోపలి సందులు కూడా కంటికి కనిపిస్తాయి. రెండు రకాల ఎమ్మారై చిత్రాల నిష్పత్తితో తయారైన మైలిన్ (నాడీతంతువుల మీది కొవ్వు పొర) పటం వేసి చూస్తే కదలిక, వినికిడి, చూపులకు చెందిన ప్రాథమిక ప్రాంతాలు ప్రకాశవంతంగా తేలుతాయి. ఏయే చోట్ల సంకేతాలు కలిసి మారుతాయో చూపే అనుసంధాన పటం మీద ఎడమ అర్ధగోళంలో చేతిని కదిలించే చోట ఒకసారి క్లిక్ చేస్తే, కుడి అర్ధగోళంలో అదే చోటు కూడా వెలుగుతుంది. విశ్రాంతిలో కూడా ఈ రెండు చోట్లా సంకేతం ఒకే లయలో ఊగుతుందని 1995లో అమెరికాలోని మిల్వాకీలో పరిశోధకుడు భరత్ బిశ్వాల్ చూపించారు. అప్పట్లో దాన్ని నమ్మినవారు తక్కువ. నడిమధ్య వెనుకభాగంలో క్లిక్ చేస్తే పటం మారిపోయి, నుదుటి వెనుక మధ్యభాగం, చెవికి పైన వెనుకగా ఉన్న ప్రాంతాలు కలిసి కనిపిస్తాయి. 91,282 బిందువుల్లో ప్రతి జంటకూ సహసంబంధం లెక్కకట్టిన, ఈ అనుసంధాన పటం వెనుక ఉన్న ఫైలు దాదాపు 33 గిగాబైట్లు. అయితే క్లిక్ చేసిన చోటికి అవసరమైన వరుసనే డిస్కు నుంచి చదువుతుంది కనుక మామూలు ల్యాప్‌టాప్ కూడా మొరాయించదు. కమాండ్ లైన్ అలవాటు లేనివారికి మాత్రం మొదట్లో చుక్కలు కనిపిస్తాయి.

ఈ డేటాతోనే మాథ్యూ గ్లాసర్ బృందం 2016లో ఒక్కో అర్ధగోళాన్ని 180 ప్రాంతాలుగా విభజించిన పటాన్ని నేచర్ పత్రికలో ప్రచురించింది. భాషకు సంబంధించిన 55బి అనే చిన్న ప్రాంతం అందరిలో ఒకేచోట ఉండదని, దాదాపు పదిమందిలో ఒకరికి పక్కకు జరిగో రెండు ముక్కలుగానో ఉంటుందని అదే వ్యాసం చూపించింది. సగటు పటాన్ని నమ్ముకుని ఒక వ్యక్తి మెదడు గురించి మాట్లాడేవారు ఆ భాగం చదివి తీరాలి.

పరిమితులూ చిన్నవి కావు. భాషా పరీక్షలో వినిపించేవి ఈసప్ కథల నుంచి మలచిన ఇంగ్లిషు కథలు, మధ్యమధ్య లెక్కలు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి, బజారులో ఇంకొకటి మాట్లాడే మన మెదళ్ల గురించి ఇది చెప్పగలిగింది కొంతే. మెదడు ఆకారం, పరిమాణం కూడా అన్ని జనాభాల్లో ఒకేలా ఉండవు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయ యువతీయువకుల చిత్రాలతో ఐబీఏ100 అనే ప్రామాణిక పటాన్ని ప్రత్యేకంగా తయారు చేయాల్సి వచ్చింది అందుకే. ఇక 1,100 పెద్ద సంఖ్యలాగే కనిపిస్తుంది గానీ, తెలివితేటలకూ మెదడులోని ఫలానా అనుసంధానానికీ సంబంధం తేల్చడానికి వేలమంది కావాలని 2022లో స్కాట్ మారెక్ బృందం ఈ డేటాతో సహా మూడు భారీ సమూహాలను పరిశీలించి చూపింది. ఒక మెదడు ఎలా అమరి ఉందని అడిగేవారికి ఇది నిధి. ఒకరి స్వభావం ఊహించాలనుకునేవారు వేరే చోట వెతుక్కోవాలి.

ఖాతా తెరిచి వినియోగ షరతులకు అంగీకరిస్తే డేటాలో అధికభాగం దొరుకుతుంది. అందులో వయసు నాలుగైదేళ్ల విరామాలుగా మాత్రమే ఉంటుంది. ఖచ్చితమైన వయసు, ఎవరు ఎవరి కవల, ఎవరు ఎవరి తోబుట్టువు అన్న వివరాలకు విడిగా దరఖాస్తు చేయాలి. వంశపారంపర్యం మీద పనిచేయనివారికి ఇది అనవసరమని తోస్తుంది గానీ, ఈ సమూహంలో చాలామంది ఒకే కుటుంబాలవారు. కుటుంబ వివరం లేకుండా డేటాను శిక్షణకొకటి, పరీక్షకొకటిగా రెండు సమితులుగా విడగొడితే అక్క శిక్షణ సమితిలోనూ తమ్ముడు పరీక్ష సమితిలోనూ పడి, మెషిన్ లెర్నింగ్ ఫలితం ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. కాబట్టి ఆ దారిన వెళ్లేవారు డౌన్‌లోడు కన్నా ముందే ఆ దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.