రాజమండ్రిలో పైలట్ కోర్సు కౌన్సెలింగ్: మెడికల్ సంగతి సరే, రిటైర్మెంటు మాటేంటి?

ఈ సెంటర్లో క్లాస్ వన్ మెడికల్ (వాణిజ్య పైలట్లకు తప్పనిసరి ఆరోగ్య పరీక్ష), డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షల వివరాలు శుభ్రంగా చెబుతారు. తేడా కొట్టేది రిటైర్మెంటు దగ్గరే. "ఆరోగ్యం బాగుంటే ఎన్నాళ్లయినా నడపొచ్చు" అని వీళ్లు అనడం తప్పు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధన ప్రకారం అంతర్జాతీయ వాణిజ్య విమానాల్లో ఇద్దరు పైలట్లుంటే 65 ఏళ్లు, ఒక్కరే నడిపితే 60 హద్దు. 60 దాటాక మెడికల్ ఆర్నెల్లకోసారి.

జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా తన పైలట్లను 60కే ఆపడం వయసు వివక్షేనని 2011లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. 65 హద్దును మాత్రం 2017లో సమర్థించింది. కాబట్టి కేసేస్తే పొడిగింపు వస్తుందన్న భరోసా నమ్మొద్దు.

కోనసీమలో కొబ్బరితోట తాకట్టు పెట్టి చేరేవాళ్లు ముందు లెక్క వేసుకోండి: 35కి ఉద్యోగమొస్తే మిగిలేది 30 ఏళ్లే, అదీ ప్రతి మెడికల్ పాసైతే. ఆ తర్వాత సిమ్యులేటర్ మీద నేర్పే పని ఉంటుంది. వీళ్లు ఆ ఊసే ఎత్తరు.