ట్రినిడాడ్‌లో నాలుగు రోజులు, టొబాగోలో రెండు: అత్తయ్యగారితో వెళ్లొచ్చాక

కరీబియన్ అనగానే అందరూ బీచ్ ఫొటోలే చూపిస్తారు. ట్రినిడాడ్, టొబాగో అక్కడి రెండు దీవులు, రెండూ కలిపి ఒకే దేశం. మేమూ మొదట ఆరు రోజులూ టొబాగోలోనే ఉందామనుకున్నాం. కానీ మా అత్తయ్యగారికి 68 ఏళ్లు, శాకాహారి, రోజంతా ఇసుకలో కూర్చోలేరు. అందుకని నాలుగు రోజులు ట్రినిడాడ్‌కి, రెండు టొబాగోకి పెట్టుకున్నాం. మళ్లీ వెళ్తే ట్రినిడాడ్‌కి ఇంకో రోజు కలుపుతాను.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు టికెట్ కొనకముందే చూసుకోవాల్సింది ఒకటుంది. ఇండియా ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ట్రినిడాడ్‌ని పెట్టింది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచొచ్చు. ఆ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి. పైగా 60 దాటినవాళ్లకి డాక్టర్లు ఆలోచించి గానీ ఇవ్వరు. మేం డాక్టరుతో మాట్లాడాక, అత్తయ్యగారు హైదరాబాద్ వెళ్లడానికి నెల ముందే ఈ ట్రిప్ పెట్టుకున్నాం. ఆ టెన్షన్ తప్పింది. మీ పెద్దవాళ్లది విజిటర్ వీసా అయితే అది మల్టిపుల్ ఎంట్రీనా కాదా అన్నది కూడా చూసుకోండి. లేకపోతే తిరిగి అమెరికాలోకి రావడమే కష్టం.

ఇంకో చిన్న విషయం. మిలిటరీ మచ్చల డిజైన్ (కామఫ్లాజ్) బట్టలు ఆ దేశంలో నిషేధం, పిల్లలకి కూడా. మా బాబు ప్యాంటు ఒకటి సూట్‌కేసులోంచి తీసి ఇంట్లోనే పెట్టేశాం.

న్యూయార్క్ నుంచి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి నేరుగా ఐదు గంటల ప్రయాణం. మొదటి రాత్రి నగరంలో, క్వీన్స్ పార్క్ సవానా అనే పెద్ద మైదానం దగ్గర ఒక హోటల్లో దిగాం. గది బాగానే ఉంది కానీ, పొద్దున టిఫిన్‌లో అత్తయ్యగారు తినగలిగింది బ్రెడ్డు, పండ్లే. చీకటి పడ్డాక నడుచుకుంటూ బయటికి వెళ్లొద్దని రిసెప్షన్‌లోనే చెప్పారు. ఆ మాట వినండి. నేరాలు పెరిగి 2024 డిసెంబర్ చివర్లో అక్కడ ఎమర్జెన్సీ కూడా పెట్టారు. పగలు మాకు ఎక్కడా ఇబ్బంది రాలేదు, రాత్రి తిరగాలంటే మాత్రం తెలిసినవాళ్ల కారే.

మర్నాడు ట్రినిడాడ్ మధ్య భాగంలోని షగ్వానాస్ ఊరి వైపు ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. అక్కడి నుంచే మా ట్రిప్ అసలు మొదలైంది. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను ఇక్కడికి తెచ్చింది. 1917 వరకు 1,40,000 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురీవాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లలో మాత్రం తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. ఒకప్పుడు చెరకు పొలాలున్న ఈ ప్రాంతంలో ఇళ్ల ముందు వెదురు గడలకి రంగురంగుల జెండాలు కనిపిస్తాయి. ఇంట్లో పూజ అయ్యాక పాతే ఆ జెండాలను ఝండీలంటారు. గెస్ట్‌హౌస్ ఆంటీ పొద్దున్నే సాదా రోటీ, బైగన్ చోకా పెట్టారు. చోకా అంటే కాల్చిన వంకాయ పచ్చడే. అత్తయ్యగారు ఒక ముద్ద తిని, "వెల్లుల్లి కాస్త ఎక్కువైంది, కానీ మన పచ్చడే" అన్నారు.

దగ్గర్లోని వాటర్లూ గుడి ఒక్కటి చూసినా ఈ దేశానికి వెళ్లినందుకు ఫలితం దక్కినట్టే. శివదాస్ సాధు అనే కూలీ 1947లో సముద్రపు ఒడ్డున గుడి కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీదని 1952లో దాన్ని కూల్చేసి, ఆయన్ని జైల్లో పెట్టారు. సముద్రానికి యజమాని ఎవరూ లేరు కదా అని, సైకిల్ మీద రాళ్లు, సిమెంటు మోసుకుంటూ నీళ్లలోనే కట్టడం మొదలుపెట్టాడు. 1970లో చనిపోయేదాకా అదే పని. 1995లో దాన్ని బాగుచేసి మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం ఒడ్డు నుంచి గుడికి వెళ్లే దారి మీద నడుస్తుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అక్కడికి కొద్ది దూరంలోనే కారాపిచైమాలో మైసూరు దత్తపీఠంవారి ఆశ్రమం, 85 అడుగుల హనుమంతుడి విగ్రహం ఉన్నాయి. రెండూ ఒకే పూటలో చూడొచ్చు.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. రోడ్డు పక్కన డబుల్స్ తినండి. పసుపు వేసిన రెండు మెత్తటి బారాల (నూనెలో వేయించిన రొట్టెల) మధ్య శనగల కూర, పది టీటీ డాలర్ల (ఆ దేశపు డాలర్ల) లోపే. ఒక అమెరికన్ డాలరుకి 6 టీటీ డాలర్ల పైనే వస్తుంది. కారం ఎంత అని అడిగితే "స్లైట్" అనండి, వాళ్ల మిరపకాయ మన గుంటూరు మిర్చి కంటే చాలా ఘాటు. దాల్‌పూరీ చూడ్డానికి మన బొబ్బట్టులాగే ఉంటుంది, లోపల మాత్రం జీలకర్ర వేసిన పప్పుపొడి. కల్లాలూ అనే ఆకుకూర అడిగేముందు జాగ్రత్త, దాంట్లో తరచూ పీత వేస్తారు.

తిరగడానికి మాక్సీ టాక్సీలు (చాలామందిని ఎక్కించుకునే వ్యాన్లు) చవక. వాటి మీది చార రంగును బట్టి రూటు తెలుస్తుంది: ఆకుపచ్చ చారవి షగ్వానాస్, శాన్ ఫెర్నాండో వైపు వెళ్తాయి. కారు టాక్సీ అయితే నంబరు ప్లేటు మీద మొదటి అక్షరం 'హెచ్' ఉందో లేదో చూసి ఎక్కండి. మేం రెండు రోజులు కారు అద్దెకి తీసుకున్నాం. మన ఇండియాలోలాగే ఎడమ పక్కన నడపాలి కాబట్టి మావారికి వెంటనే అలవాటైంది. కానీ అద్దెకిచ్చినవాళ్లు డిపాజిట్ వెనక్కి ఇవ్వడానికి మూడు వారాలు తిప్పారు. తీసుకునేటప్పుడే కారు చుట్టూ వీడియో తీసి పెట్టుకోండి.

సాయంత్రం నాలుగింటికి కరోని చిత్తడి అడవిలో పడవ ఎక్కాం. పొద్దు వాలేవేళకి స్కార్లెట్ ఐబిస్ పక్షులు గుంపులుగా వచ్చి వాలుతుంటే, పచ్చటి మడ చెట్ల మీద ఎవరో కుంకుమ చల్లినట్టుంది. మా బాబు అప్పటిదాకా అడుగుతున్న ఫోను పక్కన పెట్టేశాడు. దోమల క్రీము మాత్రం మరిచిపోవద్దు. లా బ్రే దగ్గర దాదాపు 100 ఎకరాల తారు సరస్సు వింతే గానీ, ఎండలో మెత్తటి తారు మీద నడవడం పెద్దవాళ్లకి కష్టం. అత్తయ్యగారు గట్టునే కూర్చున్నారు.

టొబాగోకి విమానంలో వెళ్తే అరగంట కూడా పట్టదు. వచ్చేటప్పుడు ఫెర్రీ ఎక్కాం, నాలుగు గంటలు పట్టింది. అలలకి మా బాబుకి వాంతులయ్యాయి. పిల్లలుంటే రెండు వైపులా విమానమే మేలు. టొబాగోలో నైలాన్ పూల్ అనే చోట నడిసముద్రంలో నడుములోతు నీళ్లే. అత్తయ్యగారు కొంగు బిగించి, మావారి చెయ్యి పట్టుకుని దిగారు. పగడాల మీద కాలు పెట్టకండి, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

తిరుగు ప్రయాణం రోజు ఒక అరగంట ముందే బయల్దేరండి. పియార్కో ఎయిర్‌పోర్టులోనూ డబుల్స్ దొరుకుతాయి. అత్తయ్యగారు రెండు తిని, ఇంకో రెండు కట్టించుకున్నారు. "స్లైట్" అని ఈసారి తనే చెప్పారు.