మంచు అన్న మాట నమ్మి లంబసింగి వెళ్ళాం

మా ఏడేళ్ళ అమ్మాయి బట్టల సంచిలో ఊలు తొడుగులతో పాటు ఒక క్యారట్ కూడా దొరికింది. ఎందుకమ్మా అంటే, మంచు బొమ్మకు ముక్కు అంది. తప్పు దానిది కాదు. డిసెంబరు వచ్చిందంటే 'లంబసింగిలో మంచు కురుస్తోంది', 'ఆంధ్రా కశ్మీర్' అని ఫోన్లన్నీ ఒకటే పాట. గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడనివ్వనిదీ మంచే, కశ్మీరులో మోకాళ్ళ లోతున పడేదీ మంచే. సుమారు 1000 మీటర్ల ఎత్తున, ఇంత దక్షిణాన, మూడోది పడదని నాకు తెలుసు. అయినా పిల్లకు విడమరచి చెప్పబుద్ధి కాలేదు.

విజయవాడ నుంచి శుక్రవారం రాత్రి రెండు కార్లలో బయలుదేరాం, మేమూ మా బావమరిది కుటుంబమూ. అప్పటికే బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. ఆ వార్త చూసి కూడా వెళ్ళడానికి ఒకటే కారణం: గుడారాలకు కట్టిన అడ్వాన్సు తిరిగి ఇవ్వరు. అన్నవరం దగ్గర హైవే మీదే ఆగి, ఆకుపొట్లాల్లో వేడి ప్రసాదం తిన్నాం. మొత్తం ప్రయాణంలో ఏ లోటూ చెప్పలేనిది అదొక్కటే. తుని దగ్గర హైవే వదిలి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాం. రోడ్డు బాగుంది, మలుపులే ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్ళుంటే నర్సీపట్నంలో టిఫిన్ తేలికగా కానివ్వండి. మేము పూరీలు తిన్నాం.

ఇక బస. ఫోటోలో లోయ అంచున విడివిడిగా ఉన్న గుడారాలు, వెళ్ళి చూస్తే రోడ్డు పక్కన చదును చేసిన పొలంలో, ఒకదాని తాడు ఇంకొకదాని మేకుకు తగిలేంత దగ్గరగా వేసి ఉన్నాయి. ఇద్దరు పట్టే గుడారానికి 1500 తీసుకున్నారు. నలభై గుడారాలకు మరుగుదొడ్లు రెండు. బకెట్ వేడినీళ్ళకు వేరే డబ్బు, చలిమంట కట్టెలకు వేరే డబ్బు. తీరా చూస్తే చలే లేదు. స్వెటర్లు విప్పేసి, మంటకు దూరంగా జరిగి కూర్చున్నాం. పక్కన జనరేటరు, ఆ మోతను మించి పాటలు, రాత్రి ఒంటిగంట దాకా. యజమానిని అడిగితే "ఇంకో గంటలో దిగుతుంది సార్, మంచు" అన్నాడు. పాపం, పదింటికీ అదే మాట, పన్నెండింటికీ అదే మాట.

ఆదివారం నాలుగున్నరకు పిల్లలను లేపి చెరువులవేనం వెళ్ళాం. అక్కడ కొండ మీద నిలబడితే కింద లోయంతా పాలసముద్రంలా కనిపిస్తుందని పేరు. చీకట్లో ఎక్కేవాళ్ళ వరస చూస్తే తిరునాళ్ళు గుర్తొచ్చింది. తెల్లవారింది. లోయ కడిగిన అద్దంలా ఉంది. కింద ఎవరి ఇంటి ముందో ఆరేసిన చీర రంగు కూడా తెలుస్తోంది. ఫోన్లు పైకెత్తినవాళ్ళంతా, ఎత్తాం కదా అని, ఒకరినొకరు తీసుకున్నారు.

అసలు సంగతి టీ అమ్మే పెద్దాయన చెప్పాడు. "రాత్రి చుక్కలు కనపడితేనే బాబూ, పొద్దున్న మంచు." అంతే మరి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, ఆ చల్లగాలి లోయలోకి జారి, అందులోని తేమ పొగమంచవుతుంది. మబ్బు పట్టిందా, కొండకు దుప్పటి కప్పినట్టే. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని కొర్రబయలు అని కూడా పిలిచే ఊళ్ళో మేము చెమటతో నిద్ర లేచాం. కాబట్టి వెళ్ళదలచినవాళ్ళు సెలవులు చూసుకోకండి, చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం లెక్కలతో పత్రికల్లో వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. సముద్రంలో అల్పపీడనం ఉంటే ఇంట్లోనే ఉండండి. శనివారం రాత్రి కాకుండా వారం మధ్యలో వెళ్తే పాటల బాధ కూడా తగ్గుతుందేమో.

అన్నీ తిట్టడం న్యాయం కాదు. చింతపల్లి వైపు కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి, పైన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు. అక్కడ నడిచిన అరగంట నాకు చాలు. కొత్తపల్లి జలపాతంలో డిసెంబరులోనూ నీళ్ళు బాగానే ఉన్నాయి, మెట్లూ కటకటాలూ ఉండటంతో మా అత్తగారు కూడా దిగగలిగారు. రోడ్డు పక్క బొంగు చికెన్ మాత్రం పైన పొగవాసన, లోపల పచ్చి. ఆకలి మీద ఉన్నామని తెలిసి తొందరగా దించేసి ఉంటారు. ఘాట్ దిగేటప్పుడు గంజాయి తనిఖీకి పోలీసులు డిక్కీ తీయించారు. సంచిలో క్యారట్ చూసి ఒకాయన ఏమీ అనకుండా మూసేశాడు.

ఆ రాత్రి రాజమండ్రిలో మా పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఆఫీసు ఉండటంతో నాలుగున్నరకే బయలుదేరాం. ఆకాశం నిండా చుక్కలు. రావులపాలెం దాటామో లేదో, పొలాల మీదుగా తెల్లగా వచ్చి రోడ్డును మింగేసింది. ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనపడదు. కారు ఇరవైలో పాకుతోంది.

"దాన్ని లేపనా?" అంది మా ఆవిడ, వెనక్కి తిరిగి.

వద్దన్నాను. లేస్తే ఇక్కడే దిగి బొమ్మ చేద్దామంటుంది.