క్లోజింగ్ వచ్చిందంటే ఏడుపొచ్చేది: రెండున్నరేళ్ల డిబేట్ తర్వాత నా మాట

4 టీములు, టీముకి ఇద్దరు, మనిషికి 7 నిమిషాలు, మోషన్ (వాదించాల్సిన అంశం) చెప్పాక 15 నిమిషాల ప్రిపరేషన్. బ్రిటిష్ పార్లమెంటరీ డిబేట్ గురించి ఈపాటి సంగతులు ఎవరైనా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది క్లోజింగ్ టీమ్‌గా కూర్చోవడం గురించి. మొదట్లో కడుపు మండింది దాని మీదే, ఇప్పుడు ప్రాణం పెట్టేదీ దాని మీదే.

మోషన్‌ని సమర్థించే గవర్నమెంట్‌కీ, వ్యతిరేకించే ఆపోజిషన్‌కీ రెండేసి టీములు: ముందు మాట్లాడేది ఓపెనింగ్, తర్వాతది క్లోజింగ్. ఒకే పక్షాన ఉన్నా ఎవరి ర్యాంకు వాళ్లదే. ఓపెనింగ్ వాళ్లు ముందు మాట్లాడతారు కాబట్టి మంచి పాయింట్లన్నీ వాళ్లకే. వెనకొచ్చే మనం వాళ్లని కాదనకూడదు, వాళ్లు చెప్పిందే మళ్లీ చెప్పకూడదు, అయినా వాళ్లని దాటాలి. దాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు. నా మొదటి పోటీలో ఇది అర్థం కాక, ఓపెనింగ్ చెప్పిన మూడు పాయింట్లనే గొంతు పెంచి చెప్పొచ్చాను. నాలుగో ర్యాంకు, సున్నా పాయింట్లు. "మీరు చెప్పినదాంట్లో తప్పేం లేదమ్మా, కానీ అదంతా మేం అప్పటికే వినేశాం" అన్నారు జడ్జి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఏడాదికి ఒక రౌండ్‌లో మోషన్ ఏం వచ్చిందంటే, సముద్ర తీరం రోడ్ల మీద ప్రైవేటు వాహనాలను నిషేధించాలని. మాకు క్లోజింగ్ ఆపోజిషన్. వైజాగ్ వాళ్లం, బీచ్ రోడ్డు మాకు తెలియనిదా అని ధైర్యంగానే ఉన్నాం. 15 నిమిషాల్లో నాలుగు పాయింట్లు రాసుకున్నాం: ట్రాఫిక్ అంతా లోపలి రోడ్ల మీద పడుతుంది, ముసలివాళ్లు నడవలేరు, హోటళ్లు దెబ్బతింటాయి, సరిపడా బస్సులు లేవు. ఓపెనింగ్ ఆపోజిషన్‌లో మొదటి అబ్బాయి వీటిలో మూడు చెప్పేశాడు. నేను ఒక్కొక్కటే కొట్టేస్తుంటే నా పార్ట్‌నర్ చెయ్యి పట్టుకుని "నాలుగోది ఉందిలే" అంది. వాళ్ల రెండో అమ్మాయి లేచి బస్సులతోనే మొదలుపెట్టింది. కాగితం మీద ఇంకేం మిగల్లేదు. క్లోజింగ్ ఆపోజిషన్‌లో నాది ఆరో స్పీచ్, అంటే ముందు ఐదుగురు మాట్లాడతారు, 35 నిమిషాలు. అందులో కొత్తగా ఆలోచించుకోవడానికి చివరి 7 నిమిషాలే నాకు మిగిలాయి.

ఇక రాసుకోవడం మానేసి వినడం మొదలుపెట్టాను. గవర్నమెంట్ వాళ్లు పదే పదే "కార్లున్నవాళ్లు కాస్త సర్దుకోవాలి" అంటున్నారు. మా పక్షం వాళ్లు కూడా కార్లున్నవాళ్ల గురించే జవాబిస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మా వీధికి చేపలు తెచ్చే జాలరిపేట ఆవిడ. ఒకసారి బేరమాడుతుంటే అమ్మతో "బస్సులో గంప ఎక్కనివ్వరమ్మా, ఆటోకే సగం పోతంది" అంది. ఆటో కూడా ప్రైవేటు వాళ్లదే, నిషేధిస్తే అదీ ఆగొచ్చు. తీరం రోడ్డు మనకి షికారు, ఆవిడకి బతుకుతెరువు. ఏ బస్సూ ఎక్కించుకోని గంపతో ఆవిడ ఎలా వెళ్లాలి అన్న ఒక్క ప్రశ్న మీదే 7 నిమిషాలూ నిలబడ్డాను: చేపల మీది ఐస్ కరిగేలోపు సరుకు ఇళ్లకి చేరాలని, ఆలస్యమైతే ధర ఎంత పడిపోతుందో, ఆ నష్టం ఆడవాళ్ల మీదే ఎందుకు పడుతుందో. ఆ ఆలోచన నాకు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషులో చెప్పాను. చివర్లో మాట్లాడే విప్ (టీములో రెండో మనిషి) కొత్త వాదన తేకూడదు కాబట్టి నా పార్ట్‌నర్ దాన్నే పట్టుకుని మొత్తం డిబేట్‌ని దాని చుట్టూ తిప్పింది. రెండో ర్యాంకు వచ్చింది. మాకంటే ముందు మాట్లాడిన ఓపెనింగ్ ఆపోజిషన్ మూడో స్థానంలో ఉంది.

అప్పట్నుంచి మా ప్రాక్టీసు మారింది. ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి కాస్త అవతల కూర్చుని, ఒకరు ఫోన్లో టైమర్ పెడితే, ఇంకొకరు అన్ని మంచి పాయింట్లూ ముందే చెప్పేస్తారు, మూడో మనిషి ఏం మిగిలిందో వెతకాలి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అలల హోరులో గొంతు కూడా దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. జూనియర్లకి "15 నిమిషాల ప్రిపరేషన్ నేర్చుకుంటే ఇంటర్వ్యూకి కూడా టెన్షన్ ఉండదు" అని చెప్పేదాన్ని. క్లోజింగ్‌లో ఆ 15 నిమిషాల్లో రాసింది సగం పైన పారేయాల్సిందే, కాబట్టి ఆ మాట ఓపెనింగ్‌కి వర్తించినంతగా దీనికి వర్తించదు. డిబేట్ వినడం నేర్పుతుందని కూడా వాళ్లకి చెప్పేదాన్ని గానీ, అది ఎదుటివాళ్లు ఏం వదిలేశారా అని వెతుకుతూ వినడం. ఇంట్లో అమ్మ ఏదైనా చెప్తుంటే అలా వినకూడదని కొంచెం ఆలస్యంగా తెలిసింది. పోటీల్లో ఇంగ్లీషు ఉచ్చారణకి మార్కులు ఉండవన్నది నిజమే, కానీ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి అక్కడి ఇంగ్లీషు వేగం అందుకోవడానికే ఏడాది పడుతుంది, నాకూ పట్టింది.

అందరూ చేరండి అని అనలేను. మాది ఎంవీపీ కాలనీ, బీచ్ దగ్గర, ఆదివారాలు నావే, బయటి ఊళ్ల పోటీలకి రైలు ఛార్జీలు నాన్న ఇచ్చారు. గాజువాక నుంచి వచ్చే మా ఫ్రెండ్ షిఫ్టుల ఉద్యోగంలో చేరాక మూడు నెలల్లో మానేశాడు, అతను నాకంటే బాగా మాట్లాడేవాడు. నాకు ఇది డిగ్రీ చివరి ఏడాది, ఇంకెన్ని పోటీలకి వెళ్తానో తెలీదు. ఏ టీముకి ఏ స్థానమో చూపే డ్రా తెర మీద వేసినప్పుడు మాత్రం మా పేరు క్లోజింగ్‌లో ఉంటే బావుండునని చూస్తున్నాను.