రాష్ట్రపతి భవన్, వైట్‌హౌస్: ఏ పద్ధతి మేలు?

సంకీర్ణ ప్రభుత్వం కూలినప్పుడల్లా మన దగ్గర ఒక మాట వినిపిస్తుంది. అమెరికాలో లాగా అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెడితే ఈ గొడవలుండవు కదా అని. 1996-99 మధ్య మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలు చూసినవాళ్లకు ఆ మాట సబబుగానే తోస్తుంది. అయినా నా ఓటు మన పద్ధతికే.

కార్యనిర్వాహక అధికారం కాగితం మీద రెండు దేశాల్లోనూ అధ్యక్షుడిదే. మన రాష్ట్రపతి మాత్రం మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ దీన్ని తప్పనిసరి చేసింది. సలహాను ఒక్కసారి తిప్పి పంపే వీలు 1978లో 44వ సవరణతో వచ్చింది. మళ్లీ అదే సలహా వస్తే ఒప్పుకోవాల్సిందే. అమెరికా అధ్యక్షుడు మంత్రుల మాట వినాలన్న నియమమే లేదు. ఆయన వీటో చేసిన (తిరస్కరించిన) బిల్లు నెగ్గాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

అమెరికా అధ్యక్షుడి సంతకం బలమెంతో 2025 సెప్టెంబరులో తెలుగు ఇళ్లలో బాగా తెలిసొచ్చింది. కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ట్రంప్ సంతకం చేశారు. చట్టసభలో చర్చ లేదు, ఓటింగ్ లేదు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని మర్నాడు వివరణ వచ్చేదాకా, సెలవుల మీద ఇండియా వచ్చినవాళ్లకు ఒకటే టెన్షన్. మనకూ పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు తెచ్చే ఆర్డినెన్సులున్నాయి. కానీ పార్లమెంటు మళ్లీ కూర్చున్న ఆరు వారాల్లోగా ఆమోదించకపోతే అవి చెల్లవు.

నచ్చని పాలకుణ్ని మధ్యలో దించగలమా? నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అమెరికాలో ఆండ్రూ జాన్సన్‌ను, క్లింటన్‌ను, ట్రంప్‌నైతే రెండుసార్లు ప్రతినిధుల సభ అభిశంసించింది. సెనేట్ ఒక్కరినీ తొలగించలేదు. నిక్సన్ 1974లో తానే రాజీనామా చేశారు. ఒక్క ఓటుతో కూలడాన్ని అస్థిరత అంటారు చాలామంది. నేను జవాబుదారీతనం అంటాను. అయితే పార్టీ ఆదేశాన్ని కాదని ఓటేస్తే సభ్యత్వం పోయేలా 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, సొంత మెజారిటీ ఉన్న ప్రధానిని దించడం దాదాపు అసాధ్యమైంది. మన పద్ధతికి తగిలిన పెద్ద దెబ్బ అది.

రాష్ట్రపతికే మరిన్ని అధికారాలిస్తే? నీలం సంజీవరెడ్డిగారి ఉదంతం గుర్తుచేసుకోవాలి. 1979లో ప్రధాని చరణ్ సింగ్ లోక్‌సభలో బలం నిరూపించుకోకుండానే రాజీనామా చేశారు. జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశమివ్వకుండా రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. మన అనంతపురం మనిషే అయినా, ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను.

అలాగని ఏది పంపినా సంతకం పెట్టే రాష్ట్రపతీ వద్దు. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం చేసేనాటికి కేబినెట్ సమావేశమే కాలేదు. ఉన్న కొద్దిపాటి అధికారాన్నే ధైర్యంగా వాడితే చాలని కె.ఆర్. నారాయణన్ చూపించారు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫార్సును ఆయన తిప్పి పంపారు, కేంద్రం వెనక్కి తగ్గింది. కల్యాణ్ సింగ్ ప్రభుత్వం నిలిచింది.