టేకు పలకపై నల్లరాయి: ఆరేళ్ల వాడకంలో ఎపాక్సీ, సిలికాన్

ఇంటి పేరు చెక్కిన నల్ల గ్రానైట్, సన్మానాల్లో ఇచ్చే రాతి జ్ఞాపిక, ఆఫీసు గోడ మీది చిన్న శిలాఫలకం. వీటికి వెనక టేకు పలక పెట్టడం మామూలే. అంటించడానికి ఆరేళ్లుగా రెండు రకాలు వాడుతున్నాను. ఒకటి రెండు ట్యూబులుగా వచ్చే, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. రెండోది గన్‌తో వేసే న్యూట్రల్ సిలికాన్. బల్ల మీద నిలబెట్టే చిన్న జ్ఞాపికకు ఎపాక్సీ బాగుంటుంది. గోడకు తగిలించే పెద్ద పలకకు సిలికానే నయం, అయితే రాయికి కింద ఆధారం ఉండి తీరాలి.

ముందు బరువు లెక్క చూద్దాం. చీమకుర్తి నల్లరాయి ఘన సెంటీమీటరుకు దాదాపు 3 గ్రాములు తూగుతుంది. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం ఉన్న ముక్క 3.6 కిలోలు. దాన్ని 60 చదరపు సెంటీమీటర్ల ఎపాక్సీ మోస్తే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 60 గ్రాములే. సరిగ్గా పట్టిన ఎపాక్సీ ఒక్క చదరపు సెంటీమీటరులోనే వంద కిలోలకు పైగా ఆపుతుంది. కాబట్టి ఇంకా గట్టి గమ్ము కోసం వెతకడం వృథా. ఊడిన రాయిని తిప్పి చూడండి. అంటు మధ్యలో తెగడం చాలా అరుదు. రాయి వైపో చెక్క వైపో ఏదో ఒక పొరను పట్టుకుని ఊడి వస్తుంది. ఆ పొర ఏమిటో తెలిస్తే కారణం దొరికినట్టే.

రాయి వైపు ఎక్కువగా కనిపించేది జాలీ. పెద్ద రాతి పలకలు పగలకుండా వెనక ఫైబర్ వల వేసి రెజిన్ పూస్తారు. మనం అంటించేది ఆ వలకే గానీ రాయికి కాదు. గ్రైండర్‌తో దాన్ని పూర్తిగా తీసి, అసలు రాయి కనిపించేదాకా గరుకు చేయాలి. జాలీ లేకపోయినా కోత నీళ్లలోని బురద ఎండి సన్నటి పొడిలా అంటుకుని ఉంటుంది. బ్రష్‌తో కడిగి, ఒక రోజంతా ఆరనిచ్చి, అసిటోన్ గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటకుండా వచ్చేదాకా తుడవాలి.

చెక్క వైపు పొర పాలిష్. మెలమైన్ అయినా పీయూ అయినా, అంటు నిలిచేది ఆ పొర చెక్కను పట్టుకున్నంత కాలమే. రాయి కూర్చునే చోట 80 నంబరు ఉప్పుకాగితంతో చెక్క తేలేదాకా రుద్దాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే అంటించేయాలి. మర్నాటికి వదిలేస్తే నూనె మళ్లీ పైకి చేరుతుంది.

ఇవన్నీ సరిగా చేసినా ఊడే పలకలుంటాయి. అక్కడ కారణం చెక్క కదలిక. తేమకు టేకు చారకు (చెక్కలో పొడవునా సాగే నార గీతలకు) అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రాయి ఏమాత్రం కదలదు. అడ్డంగా 30 సెం.మీ. ఉన్న పలకలో తేమ 4 శాతం మారితే కొలత 2 మి.మీ. దాకా మారుతుంది. విశాఖలో వానల్లో చేసిన పలకను హైదరాబాద్ ఏసీ హాల్లో తగిలించినా, చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇంటికి పంపినా జరిగేది ఇదే. గట్టిపడిన ఎపాక్సీ ఆ కదలికకు లొంగదు. అంచుల దగ్గర మొదట పట్టు వదులుతుంది, లేదా పలకే వంగిపోతుంది. అందుకే చార రాయి పొడవు వెంట ఉండేలా పలకను ఎంచుకోండి. అప్పుడు అడ్డంగా పడే కొలత తగ్గుతుంది. మెరైన్ ప్లైవుడ్ మీద టేకు వెనీర్ (పల్చటి టేకు పొర) వేస్తే ఈ బాధ దాదాపు ఉండదు.

ఎపాక్సీ వేసేటప్పుడు రాయి వెనకంతా పూయకండి. మధ్యలో ఒకటి, దాని చుట్టూ దగ్గరగా నాలుగు, 4 సెం.మీ. వెడల్పు మచ్చలు చాలు. రాయి మూలల దాకా పోనక్కర్లేదు. మొత్తం 5, 6 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి, రంగు ఒకటయ్యాక కూడా ఇంకో రెండు నిమిషాలు కలపాలి. సరిగా కలవని చోట అది జిగురుగానే మిగిలిపోతుంది. క్లాంపు బిగించి నొక్కేస్తే అంటంతా పక్కలకు పోయి మధ్యలో ఏమీ మిగలదు. అర మిల్లీమీటరు గాలం దారం ముక్కలు నాలుగు మధ్యన వేసి, పలకను నేల మీద పరుండబెట్టి, రాయి బరువునే నొక్కుగా వదిలేయండి. 24 గంటల దాకా నిలబెట్టొద్దు. మే నెల ఎండల్లో గిన్నెలోనే వేడెక్కి గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఐదు నిమిషాల్లో పట్టే రకం ఇంత రాయికి వద్దు. సర్దుకునేలోపే బిగుసుకుంటుంది.

ఎపాక్సీకి ఉన్న పెద్ద లోపం వేడి. పడమటి ఎండ పడే గోడ మీద నల్లరాయి చేయి పెట్టలేనంత కాలుతుంది. 60 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి మామూలు ఎపాక్సీ మెత్తబడి, రాయి కొద్దికొద్దిగా జారుతుంది. వాకిట్లో పెట్టే పేరు పలకకు దీన్ని ఒంటరిగా నమ్మను.

సిలికాన్ ఆ వేడికి చలించదు, చెక్కతో పాటు సాగుతుంది. కొనేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ అని ఉందో లేదో చూడండి. వెనిగర్ వాసన వేసే రకం పాలరాయి, తాండూరు బండ, కడప బండ లాంటి సున్నపు రాళ్లను తినేస్తుంది. పాలరాయిలో కొన్ని సిలికాన్ల నూనె ముందు వైపుకు మరకలా తేలుతుంది కూడా. ముందు చిన్న ముక్క మీద పెట్టి వారం చూడాలి. వేసేటప్పుడు నిలువు గీతలుగా వేయండి. చుట్టూ మూసిన చట్రంలా వేస్తే గాలిలోని తేమ లోపలికి అందక మధ్యభాగం వారాలు గడిచినా పచ్చిగానే ఉంటుంది. గీతలు నొక్కుకున్నాక 3 మి.మీ. మందం మిగలాలి. అంత మందం ఉన్న రబ్బరు ముక్కలు మధ్యన పెడితే సరిపోతుంది. వారం దాకా పరుండబెట్టే ఉంచాలి.

సిలికాన్‌కు సాగే గుణం వరమే, అయితే నిత్యం వేలాడే బరువుకు అదే బలహీనత. భవనాలకు అద్దాలు అంటించేవాళ్లు శాశ్వత బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 70 గ్రాములు మించనివ్వరు. ముందు లెక్కలోని 3.6 కిలోల రాయికి 18 సెం.మీ. పొడవు, సెంటీమీటరు వెడల్పున నాలుగు గీతలు వేస్తే చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు పడుతుంది. హద్దు లోపలే ఉంది గానీ చాలా దగ్గర. అందుకే పలకలో రాయి కింది అంచు కూర్చునేలా 5 మి.మీ. లోతు గాడి తీయించండి. లేదా కింద రెండు ఇత్తడి ఎల్ క్లిప్పులు బిగించండి. బరువు గాడి మోస్తుంది, సిలికాన్ రాయిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ముందుకు వాలే అవకాశం ఉన్న చోట పైన కూడా ఒక క్లిప్పు కావాలి. పేరు పలకలకు నాలుగు మూలలా మిర్రర్ స్క్రూలు (అద్దాలు బిగించే, తల మీద మూత ఉండే స్క్రూలు) వేయడం ఇంకా భద్రం. రాయిలో రంధ్రం అంచుకు 2.5 సెం.మీ. లోపల, డైమండ్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, డ్రిల్లులో సుత్తి మోడ్ ఆపేసి వేయాలి. స్క్రూ కంటే రంధ్రం 2 మి.మీ. పెద్దదిగా ఉంటే చెక్క కదిలినా రాయి చీలదు.

తీయాల్సి వస్తే సిలికాన్‌ను సన్నటి స్టీలు తీగతో రంపంలా లాగి కోయవచ్చు. ఎపాక్సీని హీట్ గన్‌తో వేడిచేసి విడదీయాలి, అప్పుడు టేకు పాలిష్ పాడవుతుంది.

ఏటా ఒకసారి, వానలు వెళ్లాక, రూపాయి బిళ్లతో రాయి మీద అంటు ఉన్న చోట్ల తట్టి చూడండి. నిండుగా మోగాల్సిన చోట బోలుగా వినిపిస్తే పలకను ఆ రోజే గోడ నుంచి దించేయండి.