అమీర్‌పేట పక్కనే చుక్కలు లెక్కపెట్టిన చోటు

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఇస్రో ప్రయోగం ఉందంటే ఆ పూట బడికి డుమ్మా కొట్టే రకం. దసరా సెలవుల్లో ఖమ్మం నుంచి దాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లింది నిజామియా అబ్జర్వేటరీ అనే పాత నక్షత్ర పరిశీలన కేంద్రం కోసమే.

అమీర్‌పేటలో దిగాం. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని అక్కడ టిఫిన్‌కు లోటు లేదు, గదికే తిప్పలు. మాకు దొరికిన లాడ్జిలో వేడినీళ్లు ఆరు నుంచి ఏడు దాకా అన్నారు, ఆరుంపావుకే అయిపోయాయి. మెట్రో దగ్గర, అదొక్కటే లాభం.

అబ్జర్వేటరీ బేగంపేటలో, సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ) ప్రాంగణంలో ఉంది. టికెట్టు కొని చూసే చోటు కాదు. గేటు దగ్గర వచ్చిన పని చెప్పి, అనుమతి అడిగి వెళ్లాం. పని దినాల్లో వెళ్లడమే మంచిది. లోపల చెట్ల మధ్య పాతబడిన డోములు.

"టెలిస్కోపేది మామయ్యా?" అంది ముఖం ముడుచుకుని.

కనిపించలేదు. చెట్టు నీడన కూర్చోబెట్టి కథ చెప్పాల్సి వచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల కటకమున్న గ్రబ్ కంపెనీ టెలిస్కోపు తెప్పించి హైదరాబాద్‌లోనే ఫిసల్‌బండలోని సొంత ఎస్టేటులో పెట్టారు. 1908లో అది నిజాం సర్కారు చేతికొచ్చింది, తర్వాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీలో కలిసింది. ఇంతవరకూ అది ఆవలిస్తూనే విన్నది.

కళ్లు పెద్దవి చేసింది లెక్క చెప్పినప్పుడు. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి చుక్కల పట్టిక రాయాలని 1887లో పారిస్‌లో ఒక పథకం మొదలైంది. దేశానికింత ఆకాశం అని పంచుకున్నారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా, చివరికి హైదరాబాద్ తీసుకుంది. మన హస్త, అనూరాధల్లోని కొన్ని చుక్కలు అందులోనే పడతాయి. గాజు పలకల మీద ఫొటో తీసి, ఒక్కో చుక్క ఎక్కడుందో కంటితో కొలిచి రాయడమే పని. కంప్యూటర్ లేదు. ఇక్కడ డైరెక్టరుగా చేసిన టి.పి. భాస్కరన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని ఏడున్నర లక్షలకు పైగా చుక్కలు రాశారు. పేరున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు తండ్రి పనిచేసిందీ ఇక్కడే. బాప్పు పెరిగింది ఈ ఊళ్లోనే.

"నాకు లెక్కల హోంవర్కే విసుగు" అని గొణిగింది గానీ, డోము చుట్టూ మరోసారి తిరిగొచ్చింది.

సాయంత్రం నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం. తెలుగు షో ఎప్పుడో ముందే కనుక్కోండి. చల్లటి చీకట్లో పడక కుర్చీలు, నాకు కునుకు పట్టింది. పిల్లలకైతే మొదట ఇదే చూపించాలి, నిజామియా తర్వాత. మేం తిరగేసి చేశాం.

ఊరి వెలుతురు పెరిగి, తర్వాత తెచ్చిన 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారని తనకు చెప్పాను. ఆ రాత్రి లాడ్జి మేడెక్కి చుక్కలు లెక్కపెట్టింది. పదకొండు. అందులో ఒకటి విమానం.